పోటు నీళ్ళకు పెట్టిన సంతకం

విశాఖపట్నం వెళ్ళొచ్చానంటే మా స్టాఫ్‌రూములో అందరివీ ఒకటే ప్రశ్నలు. బీచ్ ఎలా ఉంది, కైలాసగిరి ఎక్కావా, సబ్‌మెరైన్ చూశావా. ఏదీ చూడలేదు. మూడు రోజులూ బురద చూసి వచ్చాను. మోకాలి లోతు నల్ల బురద, అందులో దిగకుండా కొలతలు తీసేవాళ్ళు, ఆ కొలతలు చదవకుండా సంతకాలు పెట్టేవాళ్ళు. ఈ చివరి బాపతులో నేనూ ఉన్నాను. అందుకే ఇది మర్యాదగా రాయడం నా వల్ల కాదు.

నాది అనంతపురం. డిగ్రీ కాలేజీలో జువాలజీ చెప్తాను. ఎప్పుడో ఎం.ఫిల్. కోసం పెన్నలో ఆలుచిప్పల మీద పనిచేసిన పాపానికి, విశాఖ శివార్లలో సముద్రంలో కలిసే ఒక గెడ్డ బాగోగులు చూసే కమిటీలో నన్ను బయటి సభ్యురాలిగా వేశారు. గెడ్డ అంటే అక్కడ వాగు. సముద్రమే లేని జిల్లా మనిషిని సముద్రపు కమిటీలో ఎందుకు వేశారని నేను అడగలేదు. దూరాన ఉన్నవాళ్ళు నోరెత్తరని వేశారని ఇప్పుడు తెలిసింది.

కాగితం మీద పని గొప్పదే. నెలనెలా గెడ్డ నీళ్ళు కొలవాలి, బురదలో బతికే గుల్లలు, అంటే ఆలుచిప్పల్లాంటివి, లెక్కపెట్టాలి, ఏడాదికోసారి కూర్చుని ఆ కొలతలు ఏం చెప్తున్నాయో చూసి గెడ్డను వాడుకునే తీరు మార్చుకోవాలి. కొలువు, నేర్చుకో, మార్చుకో. రెండేళ్ళు నివేదిక పోస్టులో వచ్చింది. రెండేళ్ళూ ఆఖరి పేజీ తిప్పి, 'నీరు సంతృప్తికరం' అన్న వాక్యం కింద సంతకం గీకి పంపేశాను. పరీక్ష పేపర్లు దిద్దే రోజులు, తీరికలేదు, అని సాకులు చెప్పను. బద్ధకం.

మూడో నివేదిక మాత్రం ఎందుకో మొదటి పేజీ నుంచి చదివాను. నీళ్ళు బాగున్నాయి, గుల్లలు మాత్రం తగ్గిపోతున్నాయి, కాబట్టి ఏరుకునే ఆడవాళ్ళే కారణం, రెండేళ్ళు ఏరడం నిషేధించాలి. ఇదీ సారం. నీళ్ళు బాగున్నాయనడానికి ఆధారంగా నా సంతకాలు రెండూ వెనక జతచేశారు. అన్నం సయించలేదని అబద్ధం చెప్పను, తిన్నాను. తిన్నాక, ఆ నిషేధం తేల్చే మీటింగుకు రెండు రోజుల ముందే చేరేలా టికెట్ తీసుకున్నాను.

సీతమ్మధార: తడిగుడ్డ

మా పిన్ని కూతురు సుజాత సీతమ్మధారలో ఉంటుంది. స్టేషన్ నుంచి ఆటోకు రెండొందలు అడిగాడు. మా ఊళ్ళో ఆ డబ్బుకు పక్క మండలం వెళ్ళొచ్చు అన్నాను. "మీ ఊర్లో ఎక్కీండమ్మ అయితే" అన్నాడు, నవ్వకుండా. ఎక్కాను.

పొద్దున్నే సుజాత బాల్కనీ రెయిలింగు తడిగుడ్డతో తుడిచి, గుడ్డను వెలుతురుకేసి పట్టి చూసింది. నల్ల పొడి ఉంటే గాలి ఒకవైపు నుంచి, ఎర్ర దుమ్ముంటే ఇంకోవైపు నుంచి వచ్చినట్టట. నల్లగా ఉంటే ఆరోజు బట్టలు లోపలే ఆరేస్తుంది, వాళ్ళ అత్తగారి కిటికీ మూసేస్తుంది. పెళ్ళై వచ్చినప్పటి నుంచీ ఇదే పద్ధతి. కొలవడం, నేర్చుకోవడం, మార్చుకోవడం, మూడూ ఒక పాత లుంగీ ముక్కతో అయిపోయాయి. కమిటీ లేదు, అజెండా లేదు, టీ బిస్కెట్లు అసలే లేవు.

టిఫినుకు చోడి అంబలి ఇచ్చింది. మేం రాగులన్నవాటినే వీళ్ళు చోళ్ళంటారు. మేం సంగటి ముద్ద చేసి మింగుతాం, వీళ్ళు పల్చగా కాచి తాగుతారు. నీళ్ళున్న ఊరికీ లేని ఊరికీ తేడా గిన్నెలోనే కనబడుతుంది.

పోటు మీద పడవ

మర్నాడు అమావాస్య. తొమ్మిదింటికల్లా గెడ్డ సముద్రంలో కలిసే మొగ దగ్గరికి రమ్మన్నారు. నెలనెలా కొలతలు తీసే టెక్నీషియన్ సూర్యనారాయణ పెందుర్తి నుంచి బైకు మీద వచ్చాడు. ముప్ఫై దాటిన మనిషి, కాంట్రాక్టు ఉద్యోగం, మీటరు పెట్టెను పసిబిడ్డలా ఎత్తుకుని నడుస్తాడు. పడవ ఎల్లాజీది. ఈ రేవులోనే పుట్టి పెరిగాడు.

గెడ్డ నిండుగా ఉంది. ఆకుపచ్చని నీళ్ళు, అడుగున చేపపిల్లలు కనబడేంత తేట. సూర్యనారాయణ నీళ్ళలోకి తీగ వదిలాడు. నీళ్ళలో కలిసి ఉన్న ప్రాణవాయువు ఎంతో చూపించే అంకె ఆరు దాటి నిలిచింది. చేపకైనా గుల్లకైనా హాయిగా ఊపిరాడే అంకె. అతను రాసుకున్నాడు. నేను కాస్త సిగ్గుపడ్డాను కూడా. ఇంత శుభ్రమైన నీళ్ళను అనుమానించి ఇంత దూరం వచ్చానా అని.

ఊరికే ఉండలేని నోరు కనుక, ప్రతిసారీ తొమ్మిదింటికేనా అని అడిగాను. కాదన్నాడు, రకరకాల వేళల్లో వస్తాం, పట్టికలో టైము కూడా వేస్తాం అన్నాడు గర్వంగా. ఆ వేళలు ఎవరు చెప్తారంటే ఎల్లాజీని చూపించాడు.

"పోటు లేకపోతే పడవ రాదమ్మా. అడుగు బురదకి అంటుకుపోద్ది. పోటు నిండే టయానికి నాను ఫోన్ సేత్తాను, ఆయనొత్తారు" అన్నాడు ఎల్లాజీ.

పోటు అంటే సముద్రం ఎక్కి వచ్చే వేళ. అది దిగిపోయే వేళ పాటు. ఆరు గంటలకోసారి మారతాయి. అంటే మూడేళ్ళుగా వీళ్ళు కొలుస్తున్నది గెడ్డ నీళ్ళు కాదు, గెడ్డలోకి చుట్టంచూపుగా వచ్చిన సముద్రం. పాటు వేళ ఎప్పుడైనా కొలిచావా అని సూర్యనారాయణను అడిగాను. "పడవ రాదు కదా మేడమ్" అన్నాడు. అమాయకంగానే అన్నాడు. పడవ పోయే చోటే గెడ్డ ఉంటుందని అతని నమ్మకం.

మధ్యాహ్నం మీటరుతో నాతో నడిచి రావాలని చెప్పాను. డ్యూటీ అయిపోయిందన్నాడు. నాకూ ఎప్పుడో అయిపోయిందనుకున్నాను నాయనా, అన్నాను.

మొదటి తట్ట

మూడింటికి అదే చోటు గుర్తుపట్టలేకపోయాను. నీళ్ళు లాగేసుకుని, కనుచూపు మేర బురద. మధ్యలో సన్నని పాయ, సిరాలాగా నల్లగా. పోటు వేళ సముద్రం పైకి నెట్టి ఆపేసిన ఊరి మురుగంతా, పాటు మొదలవగానే ఆ పాయలో దిగి వస్తోంది. వాసన గురించి రాయను. చదివేవాళ్ళు భోంచేస్తూ ఉండొచ్చు.

ఎల్లాజీ మేనత్త మరిడమ్మ మాకోసం గట్టు మీద నిలబడి ఉంది. అరవై ఏళ్ళుంటాయి, గుల్లలు ఏరే ఆడవాళ్ళందరికీ పెద్ద. పది అడుగులు వేశానో లేదో నా కాళ్ళు పిక్కల దాకా దిగబడ్డాయి. చెప్పులు లోపలే ఉండిపోయాయి. మూడు నెలల కింద అనంతపురంలో ఆరొందలు పెట్టి కొన్నవి. వెనక ఎవరో "మేడమ్మ గారు పాతుకుపోనారు, నీలెట్టండే" అంటే అందరూ నవ్వారు. మరిడమ్మ వచ్చి, మడమ ముందు పెట్టకూడదని నేర్పి, చెయ్యి పట్టి లాగింది.

వాళ్ళకో పద్ధతి ఉంది. ప్రతి అమావాస్య పాటులో సముద్రం వైపు నుంచి ఒక తట్ట, ఊరి వైపు నుంచి ఒక తట్ట ముందుగా ఏరతారు. ఆ రెండూ వండడానికి కాదు, అమ్మడానికి కాదు. గట్టు మీద అమ్మవారి రాయి ముందు పాత చీర పరిచి కుమ్మరిస్తారు. మరిడమ్మ మనవరాలి ప్లాస్టిక్ గాజు ఒకటి తీస్తుంది. గాజులోంచి దూరిపోయిన గుల్ల పిల్ల. దూరనిది పెద్దది. ఏ వైపు తట్టలో పిల్లలు లేవో ఆ వైపు మళ్ళీ అమావాస్య దాకా ఎవరూ దిగకూడదు. దొంగతనంగా దిగేవాళ్ళు లేరా అంటే ఉన్నారు. స్వయానా మరిడమ్మ ఆడపడుచే. దొరికిన రోజున ఆమె తట్ట తిరగేసి గెడ్డలో పోసేశారట, రెండు నెలలు మాటల్లేవట. వాళ్ళేమీ దేవతలు కారు.

సముద్రం వైపు తట్టలో పిల్లలు గాజులోంచి టపటపా జారాయి. ఊరి వైపు తట్టలో ఒక్కటీ జారలేదు. అన్నీ ముదురు గుల్లలు, కొన్ని నోళ్ళు తెరిచి కుళ్ళినవి.

పాతికేళ్ళు పాఠం చెప్పిన దాన్ని, ఆ చీర ముందు కూర్చుని కొత్తగా నేర్చుకున్నాను. మనుషులు ఎక్కువ ఏరేస్తే ముందు పెద్దవి పోతాయి, చిన్నవి మిగులుతాయి. ఇక్కడ తలకిందులుగా ఉంది. నా నోట్లో మాట ఇంకా తయారవుతుండగానే మరిడమ్మ అనేసింది.

"మేం తినీస్తే పెద్దయి పోవాల గదమ్మా. పెద్దయి ఉన్నాయి, పిల్లల్లేవు. పిల్లల్ని మేం తిన్నామేటి?"

ఈలోగా సూర్యనారాయణ ప్యాంటు మడిచి పాయ దాకా వెళ్ళి తీగ వదిలాడు. అంకె ఒకటి కూడా లేదు, పిల్ల గుల్లలు బతకలేని అంకె. మీటరు పాడైందనుకుని పెట్టె మీద తట్టాడు. సీసాలో తెచ్చిన మంచి నీళ్ళలో పెట్టి సరిచూసుకున్నాడు. మళ్ళీ వదిలాడు. మళ్ళీ అంతే. బురదలో అలాగే నిలబడిపోయి, "మూడేళ్ళు మేడమ్" అన్నాడు. ఆ అంకె కూడా రాసుకున్నాడు.

మేకు మీద మూడేళ్ళు

మరిడమ్మ ఇంట్లో గుల్లల ఇగురు పెట్టింది. మిరియాల కారం, చింతపండు లేదు, ఉప్పు దాదాపు లేదు. సముద్రమే వేసి పంపుతుందట. మా వైపు ఉప్పు తక్కువైతే యుద్ధాలవుతాయి. ఇక్కడ రెండోసారి అడిగి వేయించుకున్నాను.

తింటూ గోడ చూశాను. సిమెంటు కొట్టువాళ్ళు ఇచ్చిన తిథుల క్యాలెండరు. పాతవి పారేయకుండా అదే మేకుకు కొత్తదాని కింద ఉంచేశారు. ప్రతి అమావాస్య గడిలో రెండు బొట్లు. పైది సముద్రం వైపుకు, కిందది ఊరి వైపుకు. పిల్లలుంటే కుంకుమ, లేకపోతే కాటుక. మరిడమ్మకు చదువు రాదు. అట్టడుగు క్యాలెండరులో దాదాపు అన్నీ ఎర్ర బొట్లే. మధ్యదానిలో కింది బొట్లు అక్కడక్కడా నల్లబడ్డాయి. పైదానిలో కింది బొట్లన్నీ కాటుకే. ఏ నెల నుంచి గెడ్డ ఆ వైపు చావడం మొదలుపెట్టిందో గోడ మీదే ఉంది.

నా సంచిలోంచి నివేదిక తీశాను. పట్టికలో ఉన్న ఒక్కో తేదీకి క్యాలెండరులో తిథి చూసి, పక్కన వేసిన వేళ చదివాను. ఆమె నాకు ఇగురు వడ్డిస్తూనే జవాబు చెప్పింది.

"విదియ, పదిన్నర."

"పోటు."

"పంచమి, ఒంటిగంట."

"పోటే గదా."

సప్తమి, మూడు గంటలన్నప్పుడు మాత్రం గరిటె ఆపి వేళ్ళు లెక్కపెట్టింది. పోటే, నిండి ఎంతో సేపు కాలేదంది. చివరి దాకా చదివాను. ఒక్క పాటు లేదు. వేళలు రకరకాలుగా కనబడుతున్నాయి కనుక ఎవరికీ అనుమానం రాలేదు. చంద్రుణ్ణి బట్టి నడిచేదాన్ని గడియారంతో రాస్తే అంతే మరి.

రేపు మీటింగుకు నువ్వే వచ్చి చెప్పు అన్నాను. ఎన్నింటికని అడిగింది. మూడున్నరకు అన్నాను.

"రేపు పాడ్యమి. మూడున్నర దాటితే అడుగు పాటు. నాను మీటింగుకొత్తే గుల్లలెవరు ఏరతారు, మీరొచ్చి ఏరతారేటి?" అంది. గుల్లలు ఏరేవాళ్ళ బతుకు తేల్చే మీటింగు సరిగ్గా వాళ్ళు గుల్లలు ఏరే వేళకు పెట్టారు. కావాలని పెట్టి ఉంటే కనీసం తెలివి అనుకునేదాన్ని. వీళ్ళకు ఆ వేళ ఏమిటో తెలియకనే పెట్టారు.

క్యాలెండర్లు మేకు నుంచి తీసి నా చేతికిచ్చింది. మళ్ళీ తెచ్చి ఇవ్వాలని రెండుసార్లు చెప్పించుకుంది. ఆ కాగితంలో నీళ్ళు బాగున్నాయని ఎవరు రాశారో కూడా అడిగింది. పెద్దవాళ్ళు రాశారన్నాను. నా సంతకాల సంగతి చెప్పలేదు. ఆమె ఇంట్లో అన్నం తింటూ చెప్పేంత ధైర్యం లేకపోయింది.

ద్వారకా నగర్: కలర్ జిరాక్స్

మూడో రోజు పొద్దున క్యాలెండర్లు కాపీ తీయించడానికి ద్వారకా నగర్ వెళ్ళాను. కోచింగ్ సెంటర్ల నడుమ జిరాక్స్ కొట్లకు కొదవ లేదు. మొదటి కొట్లో రూపాయికో పేజీ అని మురిసి అన్నీ తీయించేశాను. బయటికొచ్చి చూద్దును కదా, కుంకుమా నలుపే, కాటుకా నలుపే. మూడేళ్ళ గెడ్డ మొత్తం ఒకే రంగు. తప్పు నాదే, అయినా కొట్టువాడితో పోట్లాడాను. మళ్ళీ కలర్లో తీయించాను, పేజీ పది రూపాయలు. ఏమిటివి అని అడిగాడు. గెడ్డ రిపోర్టు అన్నాను. ముగ్గుల పుస్తకమనుకున్నాడట.

బిస్కెట్ల గది

మీటింగు అక్కడే ఒక హోటల్లో, చలి పుట్టేంత ఏసీలో. గోడ మీద ప్రొజెక్టరుతో గెడ్డ బొమ్మ, దాని కింద కమిటీ ఆశయాలు వేశారు; బొమ్మ పోటు వేళ తీసింది. కన్వీనరు గారు, పెద్దమనిషి, కొలతలను బట్టి నడుచుకునే నిర్వహణ ఎంత గొప్పదో పావుగంట చెప్పి, నిషేధం తీర్మానం చదివి, కాగితం నా ముందుకు తోశారు. పెన్ను మూత కూడా ఆయనే తీసి ఇచ్చారు.

తిథులు చెప్పాను. పడవ సంగతి చెప్పాను. గాజు సంగతి, పిల్లల్లేని తట్ట సంగతి చెప్పాను. పట్టికలో వేళ రాసినవాళ్ళు పోటో పాటో ఎందుకు రాయలేదని అడిగితే, ఫార్మాట్‌లో ఆ కాలమ్ లేదన్నారు. క్యాలెండర్లు బల్ల మీద పరిచాను. ఎవరో సిమెంటు బస్తా బొమ్మ చూసి నవ్వారు.

"కాటుక బొట్టు డేటా ఎలా అవుతుంది మేడమ్?" అన్నారు కన్వీనరు.

"చదవకుండా పెట్టిన నా సంతకం అవుతోంది కదండీ. ఇది పెట్టినావిడ కనీసం బురదలో దిగి పెట్టింది."

గదిలో నవ్వు ఆగింది. అది నాకు తృప్తి ఇవ్వలేదు. మాటకు మాట చెప్పడం నాకు ఎప్పుడూ వచ్చు, చదవడమే చేయలేదు. ఇంతలో వెనక కుర్చీలోంచి సూర్యనారాయణ లేచాడు. అతన్ని ఎవరూ మాట్లాడమనలేదు. కాంట్రాక్టు ఉద్యోగి, వచ్చే నెల కొత్త కాగితం ఇదే కన్వీనరు సంతకం మీద రావాలి.

"నాను ఎల్లిన ప్రతిసారీ పోటే సార్. పడవ కోసం. నిన్న అమాస్య పాటులో నడిచెళ్ళి కొలిసాను. ఒకటి కూడా లేదు సార్" అన్నాడు. ఆఫీసు భాష ఎక్కడో జారిపోయింది. కూర్చునేటప్పుడు కుర్చీ చప్పుడైంది.

తర్వాత గంటసేపు మాటలు. చివరికి నిషేధం మూడు నెలలు వాయిదా పడింది. పోటుకొకసారి, పాటుకొకసారి కొలవాలి, పాటు కొలతకు ఏరేవాళ్ళలో ఒకరు సాక్షిగా సంతకం చేయాలి. గుల్లలు ఏరేవాళ్ళకు రెండేళ్ళ శిక్ష వేయడానికి ఒక్క కాగితం సరిపోయింది కానీ, మురుగు వదిలేవాళ్ళ మీద ఏం చేస్తారంటే సంబంధిత శాఖకు లేఖ రాస్తారట. నా పాత సంతకాలు రెండూ వెనక్కి తీసుకుంటానన్నాను. అలాంటి విధానం లేదన్నారు. కొలత తప్పని తేలితే సరిదిద్దుకోవడమే ఈ కమిటీ పని అని గోడ మీద ఇంకా వెలుగుతూనే ఉంది. ఆ వెలుగులోనే అన్నారు. నివేదిక ఆఖరి పేజీ మీద నా చేత్తో రాశాను: రెండేళ్ళూ చూడకుండా సంతకం చేశాను, అవి ఆధారం కావు. దాన్ని చింపుతారో ఉంచుతారో వాళ్ళిష్టం.

సాయంత్రం రైలు ముందు క్యాలెండర్లు తిరిగి ఇచ్చేశాను. మరిడమ్మ మళ్ళీ అదే మేకుకు, అదే వరసలో తగిలించింది. మూడు నెలలా, అంది.

అనంతపురం: ఫోను

తర్వాతి అమావాస్య సాయంత్రం ఎల్లాజీ ఫోన్ నుంచి మరిడమ్మ మాట్లాడింది. కొలిచేవాళ్ళు నడిచే వచ్చారట. సూర్యనారాయణ ఉన్నాడట, ఉద్యోగం ఉన్నట్టే. కూడా వచ్చిన పెద్ద ఆఫీసరు బూటు ఒకటి బురదలో నా చెప్పుల పక్కన ఉందట.

ఒంటిగంటకే వచ్చి, అప్పుడే కొలిచేసి, సాక్షి సంతకం పెట్టమన్నారట. చదువు రాదంటే వేలిముద్ర వెయ్యమన్నారట.

"ఇంకా పాటు అవ్వలేదు, మూడవనీండి, సూసి ఏత్తాను అన్నాను. ఎండలో కూకున్నారు మూడయ్యీదాకా. సూడకుండా ఎలాగ ఏత్తారమ్మా ఎవులైనా?"

అప్పుడు చెప్పాను. రెండేళ్ళు, ఆఖరి పేజీ, చూడకుండా.

తర్వాత తిట్లు. ఉత్తరాంధ్ర తిట్లు నాకు సగమే అర్థమయ్యాయి, అర్థమైన సగమూ నాకు తగినవే. మధ్యలో అడ్డురాలేదు. నా జీవితంలో ఒకరు మాట్లాడుతుంటే అంతసేపు ఊరుకున్నది అదే మొదలు.

తిట్టడం అయ్యాక మరిడమ్మ ఊపిరి పీల్చుకుని, "వచ్చే అమాస్య పాటు మద్దేన్నం మూడింటికి. రండి. సూసి ఎట్టండి" అని ఫోన్ పెట్టేసింది.